చాలాకాలం నిలిచిన మోటారు సైకిలు: తిరిగి నడిపించే క్రమం

(భివండిలో తెలుగు మరమగ్గ కార్మికుల శిక్షణా తరగతిలో ఒక మోటారు మెకానిక్ చేసిన ప్రసంగ పాఠం)



 నాకంటె ముందు మాట్లాడిన మిత్రులు బోనస్ గురించి, ప్రావిడెంట్ ఫండ్ గురించి, పని గంటల గురించి వివరించారు. వాటి ప్రక్కన నాకు అప్పగించిన విషయం చాలా చిన్నదిగా కనిపిస్తుంది. చాలాకాలం కదలకుండా వున్న మోటారు సైకిలు స్టార్టు కాకపోతే ఏమి చేయవలె? ఇదీ నా విషయం. నేను ముప్ఫై రెండు సంవత్సరాలుగా కోరుట్ల ప్రాంతంలో బండ్లు బాగుచేస్తూ బ్రతుకుతున్నవాణ్ణి. ఉపన్యాసం నా వృత్తి కాదు. కనుక నా చేతులకు తెలిసినది మాత్రమే చెబుతాను.

మీలో చాలామంది కొద్దిరోజులలో దసరాకు స్వగ్రామాలకు వెళ్ళబోతున్నారు. మీ ఇంటి వెనుక రేకుల పందిరి క్రింద మీ బండి పది నెలలుగానో, ఏడాదిగానో నిలబడి వున్నది. మీరు ఊరు చేరిన మరునాటి ఉదయం దానిపై దుమ్ము దులిపి, తాళం తిప్పి, కిక్కు కొడతారు. అది పలకదు. పది కిక్కులు, ఇరవై కిక్కులు, నలభై కిక్కులు. కాలు నొప్పి పుడుతుంది, బండి మాత్రం పలకదు. సెలవు పది రోజులు. అందులో రెండు రోజులు బండికే పోతాయి. జేబులో పండుగకని దాచుకున్న డబ్బులో సగం దుకాణానికి పోతుంది.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు లక్షలాది బండ్లు ఎక్కడివి అక్కడ ఆగిపోయినవి. ఆంక్షలు సడలిన తర్వాత నా దుకాణం ముందు బండ్లు బారులు తీరినవి. వాటిని ఒక్కొక్కటిగా చూస్తూ పోగా నాకు బాగా బోధపడిన సంగతి ఒకటున్నది. వాటిలో ఎక్కువ భాగం చెడిపోయినవి కావు, కేవలం నిలిచిపోయినవి. చెడిపోవుట వేరు, నిలిచిపోవుట వేరు. ఈ భేదం గుర్తించిన కార్మికునికి వందలతో పని తీరుతుంది. గుర్తించనివానికి వేలు ఖర్చవుతాయి. నేను ఈనాడు మీకు చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే.

ఒక బండి కథ

మా ప్రాంతపు యువకుడొకడు గల్ఫ్‌లో ఇరవై ఆరు నెలలు పనిచేసి తిరిగి వచ్చాడు. వీసాకు చేసిన అప్పు ఇంకా పూర్తిగా తీరలేదు. ఇంటి దగ్గర వున్నది ఒక 100 సి.సి. బండి. కార్బురేటరుతో, కిక్కుతో పనిచేసే పాతరకం. దాని టాంకులో సగం పెట్రోలు వుంచి వెళ్ళాడు. వచ్చిన తర్వాత రెండు రోజులు కిక్కు కొట్టాడు. మిత్రులతో వాలులో నెట్టించాడు. చివరకు ట్రాలీ ఆటోలో వేసుకొని పట్నంలో ఒక దుకాణానికి తీసుకువెళ్ళాడు. అక్కడ కిక్కు త్రొక్కి చూచి, బిగువు లేదన్నారు. ఇంజను విప్పాలి, బోరు చేయాలి, పిస్టను, రింగులు మార్చాలి, 9,000 రూపాయలవుతుంది అన్నారు.

అతడు బండిని పాత ఇనుము క్రింద అమ్మివేయడానికి సిద్ధపడి, చివరిసారిగా నా దగ్గరకు వచ్చాడు.

“అన్నా, ఇంజను పోయిందంటున్నరు. అమ్మితే ఎంతొస్తదో చెప్పు” అన్నాడు.

“తమ్ముడూ, అమ్ముడు సంగతి తర్వాత. నువ్వు పోయేముందు బండి ఎట్ల నడిచేది?” అని అడిగాను.

“మంచిగ నడిచేది. పొగ లేదు, సప్పుడు లేదు. నలభై మీద నడిపితే అరవై ఐదు ఇచ్చేది.”

ఆ ఒక్క జవాబుతో సగం రోగనిర్ణయం జరిగిపోయింది. నడుస్తూ నడుస్తూ పొగ గ్రక్కి ఆగిన ఇంజనుకు రింగులు అరిగి వుండవచ్చు. చక్కగా నడిచి, మూలన పెట్టబడిన ఇంజనుకు రెండేళ్ళు ఊరకే నిలబడినంతమాత్రాన రింగులు అరుగవు. మరి బిగువు ఎందుకు పోయింది? సిలిండరు గోడలమీద వుండవలసిన సన్నని నూనె పొర మెల్లగా క్రిందకు జారిపోయి, గోడలు ఎండిపోయినవి. నూనె పొర లేనప్పుడు రింగుల ప్రక్కనుండి గాలి జారుకుంటుంది, కిక్కు తేలికగా పోతుంది. ప్లగ్ విప్పి ఆ రంధ్రంలో ఒక చెంచా ఇంజన్ ఆయిలు పోసి, కిక్కును చేతితో మెల్లగా పదిసార్లు త్రిప్పగానే బిగువు తిరిగివచ్చింది. ఆ తర్వాత కార్బురేటరు విప్పితే అడుగున జిగురు, లోపలి సన్న జెట్టు పూర్తిగా మూసుకొని వున్నది. శుభ్రపరచి, కొత్త ప్లగ్, కొత్త పెట్రోలు గొట్టం, కొత్త ఇంజన్ ఆయిలు, రెండు లీటర్ల కొత్త పెట్రోలు వేశాము. ఆరవ కిక్కుకు బండి పలికింది. సామాను ఖర్చు వెయ్యి రూపాయలకు లోపే.

మొదటి దుకాణంవారిని నిందించడానికి నేను ఈ కథ చెప్పడం లేదు. వారూ మనవంటి కష్టజీవులే. రోజుకు ఇన్ని బండ్లు పూర్తి చేస్తేనే అద్దె గడిచే పరిస్థితిలో తొందరపాటు సహజం. అయితే బండి యజమాని “ఇది చక్కగా నడుస్తూ నిలిపిన బండి, ముందు పెట్రోలు, ప్లగ్ చూడండి” అని ఒక్క మాట అనగలిగి వుంటే కథ అక్కడే ముగిసేది. ప్రశ్న అడుగగలిగినవాడు మోసపోడు, ఎదుటివాని పొరపాటును కూడ సరిదిద్దగలడు.

నిలిచిన బండికి జరిగేదేమిటి?

మీ మగ్గం ఆగినప్పుడు మీరు మొదటనే మోటారు విప్పుతారా? విప్పరు. పడుగులో పోగు తెగిందేమో చూస్తారు. నాడెలో కండె అయిపోయిందేమో చూస్తారు. బెల్టు జారిందేమో చూస్తారు. సులభమైనది, ఖర్చు లేనిది ముందు. కష్టమైనది, ఖర్చుతో కూడినది చివర. మోటారు సైకిలు దగ్గర కూడ ఇదే న్యాయం.

ఇంజను పలకడానికి మూడు కావాలి. సరియైన పాళ్ళలో గాలి, పెట్రోలు, సమయానికి నిప్పురవ్వ, ఆ మిశ్రమాన్ని నొక్కిపట్టే బిగువు. నిలిచిన కాలంలో ఈ మూడింటిని దెబ్బతీసే శత్రువులు నాలుగు.

మొదటిది పాతబడిన పెట్రోలు. పెట్రోలులో త్వరగా ఆవిరయ్యే అంశాలే చల్లని ఇంజనును పలికించేవి. నెలలు గడిచేకొద్దీ అవి ఎగిరిపోతాయి. మిగిలినది గాలిలోని ప్రాణవాయువుతో కలిసి మెల్లగా జిగురుగా మారుతుంది. దాని రంగు ముదురుతుంది, వాసన వార్నిషును పోలి వుంటుంది. దీనికితోడు నేడు బంకులలో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలిసి వుంటున్నది. ఇథనాల్‌కు నీటిని పీల్చుకొనే గుణం వున్నది. వానాకాలపు తేమ టాంకులో చేరి, ఒక హద్దు దాటిన తర్వాత, నీరు, ఇథనాల్ కలిసి పెట్రోలునుండి విడిపోయి అడుగుకు దిగుతాయి. ఇంజనుకు మొదట అందేది ఆ అడుగునీరే. ఇనుప టాంకుకు తుప్పు పట్టించేది కూడ అదే.

రెండవది బ్యాటరీ. వాడకపోయినా బ్యాటరీ తనంతట తానే మెల్లగా ఖాళీ అవుతుంది. ఖాళీగా చాలాకాలం వుంటే లోపలి సీసపు పలకలమీద గట్టి పొర ఏర్పడి మళ్ళీ చార్జింగు నిలువదు.

మూడవది తేమ. ప్లగ్ మూతలో, తాళపు స్విచ్చిలో, వైర్ల అతుకులలో పచ్చని చిలుము చేరి కరెంటును అడ్డుకుంటుంది.

నాలుగవది జీవరాశి. ఎలుక వైర్లు కొరుకుతుంది, ఫిల్టరు పెట్టెలో గూడు కట్టుతుంది. కుమ్మరి పురుగు సైలెన్సరు గొట్టంలోనో, టాంకు మూతకున్న గాలి రంధ్రంలోనో మట్టి పెడుతుంది. నవ్వకండి. ఆ మట్టి గూడు ఒక్కటి చాలు, పూట పని పాడుచేయడానికి.

మొదటి మెట్టు: చేతులు కట్టుకొని చూడుట

తాళం తిప్పకముందు పది నిమిషాలు బండి చుట్టూ తిరిగి చూడండి. నేలమీద నూనె మరక వున్నదా? పెట్రోలు గొట్టం బిరుసెక్కి పగిలిందా? వైర్లు కొరికినట్లున్నవా? సైలెన్సరు నోరు తెరచి వున్నదా? టాంకు మూత తీసి వాసన చూడండి. హ్యాండిలుమీద ఇంజను ఆపే స్విచ్చి వుంటే అది సరియైన స్థితిలో వున్నదా? కొత్త బండ్లలో ప్రక్క స్టాండు దించి వుంటే కొన్నింటిలో ఇంజను పలకదు. ఒక మిత్రుడు మూడు కిలోమీటర్లు బండి నెట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. ఆ స్విచ్చిని పిల్లలు నొక్కివున్నారు. నేను బొటనవ్రేలితో దానిని జరిపి ఇచ్చాను. కూలి తీసుకోలేదు గాని, ఆయన సిగ్గుపడి టీ త్రాగించాడు.

రెండవ మెట్టు: ఇంజను తిరుగుతున్నదా?

బండిని పెద్ద స్టాండుమీద నిలిపి, పై గేరులో వేసి, వెనుక చక్రాన్ని చేతితో మెల్లగా ముందుకు, వెనుకకు కదిలించండి. ఇంజను తిరిగితే మంచిది. బిగిసి వుంటే కిక్కుమీద ఎక్కి నిలబడకండి. బలం ప్రయోగిస్తే నిజంగానే విరుగుతుంది. ప్లగ్ విప్పి, రంధ్రంలో కొంచెం ఇంజన్ ఆయిలు పోసి రాత్రంతా విడిచిపెట్టండి. మరునాడు మళ్ళీ మెల్లగా ప్రయత్నించండి. రెండు మూడు రోజులైనా కదలకపోతే అప్పుడు అది నిజంగా విప్పవలసిన ఇంజను.

తిరుగుతున్న ఇంజనుకు కూడ, ఏడాదికి పైగా నిలిచి వుంటే, మొదటి కిక్కుకు ముందు ఆ కొద్ది చుక్కల నూనె పోయడం మేలు. ఎండిన గోడలమీద రింగులు రాచుకోవు. ఆయిలు కొలిచే పుల్ల తీసి చూడండి. వాసన చూడండి. పెట్రోలు వాసన వచ్చినా, మట్టం గుర్తుకంటె పైకి వున్నా, కార్బురేటరునుండి పెట్రోలు ఇంజనులోకి దిగిందని అర్థం. పాలవలె తెల్లబడి వుంటే నీరు చేరింది. రెండింటిలో ఏది కనిపించినా ఆయిలు మార్చకుండా ఇంజను నడపకూడదు.

మూడవ మెట్టు: పెట్రోలు

ఇక్కడే ఎక్కువ బండ్ల రోగం వుంటుంది. పాత పెట్రోలును టాంకునుండి పూర్తిగా తీసివేయండి. దానిమీద కొత్త పెట్రోలు పోసి సరిపెట్టుకోకండి. కార్బురేటరు అడుగున ఒక చిన్న మర వుంటుంది. దాన్ని వదులు చేసి గిన్నెలోని పెట్రోలును ఒక గాజు సీసాలోకి పట్టండి. సీసాను వెలుతురులో చూడండి. అడుగున నీటి పొర, తుప్పు రజను, ముదురు రంగు మీ కంటికే కనిపిస్తాయి.

జిగురు పట్టిందనిపిస్తే కార్బురేటరు విప్పక తప్పదు. అందులో రెండు జెట్లుంటాయి. పెద్దది వేగానికి, చిన్నది స్టార్టింగుకు, నెమ్మది పరుగుకు. చిన్న జెట్టు రంధ్రం అర మిల్లీమీటరుకంటె సన్నం. నిలిచిన బండిలో మొదట మూసుకొనేది అదే. కార్బురేటరు క్లీనరు చల్లి, గాలితో ఊది శుభ్రపరచండి. ఇనుప తీగ గ్రుచ్చకండి. ఆ రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా పెట్రోలు లెక్క జీవితాంతం తప్పుతుంది. జెట్టును వెలుతురుకెత్తి చూస్తే గుండ్రని చుక్కవలె ఆకాశం కనిపించాలి.

కొత్త పెట్రోలు పోసిన తర్వాత గొట్టంలో ధార సాఫీగా వస్తున్నదా చూడండి. మూత వేసినప్పుడు ధార ఆగి, మూత తీయగానే వస్తే మూతకున్న గాలి రంధ్రం మూసుకున్నదని గ్రహించండి.

నాలుగవ మెట్టు: ప్లగ్

నాలుగైదు కిక్కులు కొట్టి ప్లగ్ విప్పి చూడండి. ప్లగ్ మీకు ఉత్తరం వ్రాస్తుంది, చదువుకోవడమే ఆలస్యం. పొడిగా వుంటే పెట్రోలు రావడం లేదు. మూడవ మెట్టుకు తిరిగి వెళ్ళండి. తడిసి వుంటే పెట్రోలు వస్తున్నది, నిప్పురవ్వ రావడం లేదు లేక పెట్రోలు మితిమీరింది. నల్లని మసి పట్టి వుంటే ఫిల్టరు మూసుకొని వున్నదేమో చూడండి.

తడిసిన ప్లగ్‌ను తుడిచి ఆరబెట్టండి. చోకు తీసివేసి, తాళం ఆపి, యాక్సిలరేటరు పూర్తిగా త్రిప్పి ఎనిమిది పది కిక్కులు కొడితే సిలిండరులో నిండిన పెట్రోలు బయటకు పోతుంది. ప్లగ్ కొనల మధ్య దూరం చాలా చిన్న బండ్లకు 0.7 మిల్లీమీటరు ఆసుపాసున వుంటుంది. మీ బండి పుస్తకంలో వ్రాసిన కొలతే ప్రమాణం. ప్లగ్ పాతదైతే మరమ్మతు ఆలోచన వద్దు, కొత్తది వేయండి. కరెంటు రాకపోతే ప్లగ్ మూత, దాని వైరు కొన, కాయిలు అతుకులు, తాళపు స్విచ్చి, ఈ వరుసలో చూసుకుంటూ వెళ్ళండి. కాయిలు, సి.డి.ఐ. పెట్టె మార్చమని ఎవరైనా మొదటనే చెబితే, ముందు అతుకులు శుభ్రపరచి చూడమనండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. నా ఎడమ ముంజేతిమీద ఈ మచ్చను చూడండి. పనిలో చేరిన రెండవ ఏట, పెట్రోలు నిండిన ఇంజను ప్లగ్ విప్పి, దానిని రంధ్రం ప్రక్కనే ఆనించి నిప్పురవ్వ పరీక్షించాను. కిక్కు కొట్టగానే రంధ్రంనుండి పెట్రోలు తుంపర చిమ్మింది, నిప్పురవ్వ తగిలింది. ప్రక్కనే పెట్రోలు పళ్ళెం వున్నది. నా గురువు ఇసుక చల్లకపోయివుంటే ఈ రోజు మీ ముందు నిలబడేవాణ్ణి కాదు. అందుచేత, ప్లగ్ పరీక్షకు ముందు పెట్రోలు పాత్రలన్నీ పది అడుగుల దూరం పెట్టండి. ప్లగ్ రంధ్రాన్ని గుడ్డతో మూయండి. ప్లగ్ లోహభాగాన్ని రంధ్రానికి దూరంగా, ఇంజనుకు గట్టిగా ఆనించండి. బీడీ, దీపం దగ్గర వుండకూడదు. పెట్రోలు మంటమీద నీరు పోయకండి, ఇసుక పోయండి. ఇంజనును మూసిన గదిలో నడపకండి. ఆ పొగలోని విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు.

అయిదవ మెట్టు: గాలి, బ్యాటరీ

ఫిల్టరు పెట్టె తెరచి ఎలుక గూడు, చెత్త వుంటే తీయండి. బ్యాటరీ విషయం. కిక్కు వున్న పాత 100 సి.సి. బండ్లలో చాలావాటికి నిప్పురవ్వ మాగ్నెటోనుండి నేరుగా వస్తుంది. బ్యాటరీ చచ్చినా అవి పలుకుతాయి. సెల్ఫ్ మాత్రమే వున్న బండికి బ్యాటరీయే ప్రాణం. మంచి బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపాలి. 12.4కు తగ్గితే చార్జింగు చేయాలి. చిన్న బ్యాటరీని దాని శక్తిలో పదవ వంతు కరెంటుతో నిదానంగా నింపాలి. 5 ఆంపియర్ అవర్ బ్యాటరీకి అర ఆంపియరు. లారీ బ్యాటరీల చార్జరుతో గంటలో నింపుతామన్నవారికి ఇవ్వకండి.

కొత్త తరహా బండ్లు

2020 ఏప్రిల్ 1నుండి బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి వచ్చిన తర్వాత వచ్చిన బండ్లలో ఎక్కువ భాగానికి కార్బురేటరు లేదు. పెట్రోలును పంపు నెట్టుతుంది, ఇంజెక్టరు చల్లుతుంది, ఒక చిన్న కంప్యూటరు లెక్క చూస్తుంది. వీటికి చోకు వుండదు. తాళం తిప్పి చెవి పెట్టి వినండి. టాంకులో పంపు రెండు మూడు క్షణాలు సన్నగా గుయ్యిమనాలి. వినిపించకపోతే ముందు బ్యాటరీ, తర్వాత ఫ్యూజు చూడండి. బ్యాటరీ పూర్తిగా పడిపోయిన ఇలాంటి బండిని నెట్టి ప్రయోజనం లేదు. పంపుకే కరెంటు వుండదు. మీటరులో ఇంజను బొమ్మ దీపం ఆరకుండా వెలుగుతుంటే లోపమేదో కంప్యూటరు గుర్తు పెట్టుకున్నదని అర్థం. దానిని చదివే పరికరం వున్న దుకాణానికి వెళ్ళవలసిందే. పరీక్షించకుండా పంపు, ఇంజెక్టరు మార్చనీయకండి.

బండి పలికిన తర్వాత

చోకు లాగి, యాక్సిలరేటరు తాకకుండా అయిదారు కిక్కులు. పలుకగానే గర్జింపజేయకండి. కొన్ని నిమిషాలు నెమ్మదిగా నడవనీయండి. మొదట వచ్చే తెల్లని పొగ మీరు పోసిన నూనెది. అయిదు, పది నిమిషాలలో తగ్గాలి. తగ్గకపోతే అప్పుడు రింగుల మాట ఆలోచించవచ్చు.

సోదరులారా! నేను చెప్పబోయే మాటను దయచేసి శ్రద్ధగా వినండి. బండి పలికిన సంతోషంలో మనం మరచిపోయే సంగతి ఒకటున్నది. పలకని బండి ఎవరినీ చంపదు. పలికి, ఆగని బండి చంపుతుంది. ఆ గల్ఫ్ తమ్ముడు ఇంజను చప్పుడు వినగానే తాళం చెవికోసం చేయి చాచాడు. నేను ఇవ్వలేదు. వెనుక బ్రేకు పట్టి వదలడం లేదు. ముందు టైరు ప్రక్కగోడమీద వ్రేలి గోరు దూరేటంత పగుళ్ళు.

“అన్నా, రేపు మార్పిస్త. ఇయ్యాల అమ్మను దవాఖానకు తీసుకపోవాలె” అన్నాడు.

“అందుకే ఇస్తలేను” అన్నాను.

ఆనాడు వాళ్ళమ్మ ఆటోలో వెళ్ళింది. మరునాడు టైరు, బ్రేకు షూలు మార్చిన తర్వాతనే బండి ఇచ్చాను.

కనుక రోడ్డెక్కక ముందు ఇవి చూడండి. డ్రమ్ము బ్రేకు త్రొక్కి వదిలినప్పుడు చక్రం స్వేచ్ఛగా తిరగాలి. డిస్కు బ్రేకు నూనె తేమను పీల్చుకుంటుంది. రెండేళ్ళు దాటితే మార్పించండి. టైరుమీద నాలుగు అంకెలుంటాయి. 1821 అని వుంటే 2021వ సంవత్సరపు 18వ వారంలో తయారైనదని అర్థం. గాలి నింపి, పగుళ్ళు చూడండి. చైనుకు నూనె, కేబుళ్ళకు నూనె, దీపాలు, హారను. క్లచ్చి పలకలు అంటుకొని వుంటే గేరు వేయగానే బండి దూకుతుంది. మొదటిసారి మనుషులు లేనిచోట వేయండి.

కాగితాలు కూడ నిద్రపోతాయి. 2018 సెప్టెంబరునుండి కొత్త ద్విచక్ర వాహనాలకు 5 సంవత్సరాల థర్డ్ పార్టీ బీమా వస్తున్నది. అంతకు ముందు కొన్నవాటికి, ఆ గడువు తీరినవాటికి మనమే పొడిగించుకోవాలి. బీమా లేని బండితో ఒకరిని గుద్దితే నష్టపరిహారం మన ఇల్లు వాకిలిమీదకు వస్తుంది. కాలుష్య ధ్రువపత్రం కూడ చూసుకోండి.

వెళ్ళేముందు అరగంట

పండుగ అయి మళ్ళీ భివండికి బయలుదేరే ముందు బండికి అరగంట ఇవ్వండి. ఇనుప టాంకును నిండుగా నింపితే తేమకు చోటుండదు. పెట్రోలు తిప్పుడు మూసి, ఇంజను తనంతట తాను ఆగేవరకు నడపండి. కార్బురేటరు ఖాళీ అవుతుంది. ఇంజెక్టరు బండికి ఈ పని అవసరం లేదు, చేయకూడదు. బ్యాటరీకి ముందు నెగెటివ్ తీగ, తర్వాత పాజిటివ్ తీగ విప్పి, బ్యాటరీని ఇంట్లో పొడిచోట పెట్టి, వీలైతే నెలకొకసారి చార్జింగు చేయించండి. పెద్ద స్టాండుమీద నిలపండి. సైలెన్సరు నోటిలో గుడ్డ కుక్కి, ఆ సంగతి ఒక చీటీమీద వ్రాసి హ్యాండిలుకు కట్టండి. ప్లాస్టిక్ పట్టా బిగించి కప్పకండి, లోపల తేమ నిలుస్తుంది. పాత నూలు దుప్పటి మేలు. నేసేవారి ఇంట్లో నూలుకు కొదవేమున్నది?

ఇంట్లో ఇల్లాలో, చెల్లెలో, తమ్ముడో నడపగలవారుంటే ఈ జాగ్రత్తలేవీ అక్కరలేదు. వారానికొకసారి పావుగంటో, ఇరవై నిమిషాలో రోడ్డుమీద నడపమని చెప్పండి. ఉన్నచోటనే రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపడం మాత్రం మేలుకంటె కీడు. ఇంజను పూర్తిగా వేడెక్కదు, లోపల నీరు చేరుతుంది.

మిత్రులారా! ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మోటారు సైకిలు కార్మికునికి విలాసం కాదు. అది పనికి పోయే దారి, రాత్రివేళ ఆసుపత్రికి పోయే దారి. దానిని కొనడానికి మీరు ఎన్ని షిఫ్టులు నిలబడ్డారో మీకు తెలుసు. అది నిలిచిపోయిన రోజున చెడిపోయిందని తొందరపడి తీర్పు చెప్పకండి, ఎవరినీ చెప్పనీయకండి. చూడండి, వాసన చూడండి, అడగండి. పెట్రోలు, నిప్పు, గాలి, ఈ వరుస తప్పకండి. నలభైయవ కిక్కు కొట్టబోయే ముందు ఒక్కసారి ఆగి ప్లగ్ విప్పండి. అది ఏమి చెబుతున్నదో చదవండి.

ప్లగ్ విప్పే పానా ఒకటి, స్క్రూడ్రైవరు ఒకటి, గాజు సీసా ఒకటి మీ ఇంట్లో వుంచుకోండి. ప్రసంగం తర్వాత బయట నా బండి కార్బురేటరు విప్పి చూపిస్తాను. చూడదలచినవారు రండి, చేతులు మురికి చేసుకోదలచినవారు ముందుకు రండి.